ఓడ మల్లన్నలు

మన ఫ్రీమాంట్ నుంచి బయలుదేరి ఉత్తరంగా అలమీడా, బర్క్లీ, సాసలీటో రేవులకు వెళ్ళి చూస్తే, తెరచాప పడవల్లోనే కాపురాలుండే కుటుంబాలు కనిపిస్తాయి. పడవంటే ముప్ఫై నలభై అడుగుల పొడవుంటుంది. అందులోనే పొయ్యి, పడక, పుస్తకాల అర, పిల్లల చదువు. వీళ్ళలో కొందరు ఏదో ఒక వసంతకాలంలో లంగరెత్తి, కాలిఫోర్నియా నుంచో మెక్సికో నుంచో దక్షిణ పసిఫిక్‌లోని మార్కెసాస్ దీవులకు, అక్కడి నుంచి తాహితీకి, తోంగాకు, ఫిజీకి సాగిపోతారు. ఏటా గుంపుగా సాగే ఈ యాత్రకు 'పసిఫిక్ పడిల్ జంప్' అని పేరు పెట్టింది మన బే ఏరియాలోని 'లాటిట్యూడ్ 38' అనే పత్రిక. వాన వెలిశాక వీధిలో నిలిచిన నీటి మడుగును పిల్లలు ఎగిరి దూకడం చూశాం కదా, అదన్నమాట. మూడువేల మైళ్ళ పసిఫిక్ సముద్రానికి ఆ పేరు పెట్టడంలో వున్న కొంటెతనం మెచ్చుకోదగ్గదే.

ఈ సంగతి మన తెలుగు కూటముల్లో ప్రస్తావనకు వస్తే పెద్దలు సామాన్యంగా అనే మాట ఒకటుంది. "అవన్నీ తెల్లవాళ్ళ సరదాలు. మనది మాగాణి జాతి. సముద్రం దాటితే కులం పోతుందన్నవాళ్ళం. మనకూ ఓడలకూ ఏం సంబంధం?" ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఈ మాట విని నిజమే కాబోలనుకుంటారు. వాళ్ళ దృష్టిలో తెలుగువాడు దేశం దాటడమంటే విమానం, వీసా, విద్యార్థి రుసుము. అంతకు ముందొక దాటడం వున్నదనీ, అది తెరచాప కింద జరిగిందనీ, ఆ తెరచాప దించినవాడూ ఎత్తినవాడూ కూడా తెలుగువాడేననీ వాళ్ళకు చెప్పినవారు తక్కువ.

మన భాషలో ఒక సామెత వుంది: ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న. చరిత్ర రాసినవాళ్ళు సరిగ్గా ఈ పనే చేశారని నా అభిప్రాయం. రేవుకు సుంకం విధించిన రాజు పేరు మనకు తెలుసు. సరుకు దింపుకున్న సెట్టి పేరు తెలుసు. గాలి ఎటు తిరుగుతుందో చూసి ఆ సరుకును దీవి నుంచి దీవికి చేర్చిన సరంగు పేరు మాత్రం ఎక్కడా కనిపించదు.

ఒక్క మినహాయింపు చెప్పుకోవాలి. కృష్ణా జిల్లా ఘంటసాలలో దొరికిన క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి ప్రాకృత శాసనాల్లో శివకుడనే మహానావికుడి పేరున్నది. ఘంటసాలను గ్రీకు భూగోళ రచయిత టాలెమీ కొంటకొస్సిల అన్నాడు. సువర్ణభూమికి పోయే ఓడలు తీరాన్ని విడిచి నడిసముద్రంలోకి మళ్ళే చోటు కూడా ఈ తీరంలోనే వున్నదని రాశాడు. శాతవాహన రాజులు రెండు తెరచాప కొయ్యల ఓడను నాణేల మీద ముద్రించారు. నాణెం మీద ఓడ బొమ్మ వేయించుకున్న దేశాన్ని సముద్రమెరుగని దేశమనడం సాహసమే.

మోటుపల్లి శాసనం దగ్గర కొంచెం ఆగాలి. ఇప్పుడు బాపట్ల జిల్లాలో వున్న ఈ పల్లె ఒకనాడు కాకతీయుల ప్రధాన రేవు. క్రీస్తుశకం 1244 ప్రాంతంలో గణపతిదేవుడు ఇక్కడ ఒక అభయ శాసనం వేయించాడు. అంతకు పూర్వపు రాజుల కాలంలో ఒక దీవి నుంచి మరొక దీవికి పోతూ తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకంతా రాజుగారి బొక్కసానికి పోయేది. నావికుడు ప్రాణాలతో బయటపడినా బిచ్చగాడయ్యేవాడు. గణపతిదేవుడు ఈ ఆచారాన్ని రద్దు చేశాడు. ప్రాణం కన్నా ధనం మీదనే మనుషులకు మక్కువ ఎక్కువ గనుక, సముద్రం మీద సాహసించే వారిపై దయతో కుల శుల్కం తప్ప మరేమీ తీసుకోమని ప్రకటించాడు. ఆ సుంకం ముప్ఫైలో ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పగడం, పట్టు, మిరియాలు, పోకచెక్క మొదలైన సరుకుల పట్టిక కూడా శాసనంలో వుంది. తరువాత కొన్ని దశాబ్దాలకు మార్కోపోలో ఈ రేవును ముత్ఫిలి అన్న పేరుతో వర్ణించాడు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో వున్నదే. కాని ఆ శాసనాన్ని సుంకాల పట్టికగా కాక, తుఫానులో చిక్కిన మనిషి వైపు నుంచి చదవాలి. ఓడ పగలడమన్నది ఎంత నిత్యమైన సంగతి కాకపోతే ఒక చక్రవర్తి దానికి రాతి మీద చట్టం చెక్కిస్తాడు!

రెడ్డిరాజుల నాటి అవచి తిప్పయ సెట్టి కథ అందరికీ తెలిసిందే. శ్రీనాథుడు హరవిలాసాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు తెప్పించిన సెట్టి ఆయన. తెచ్చినవాళ్ళెవరో కవి చెప్పలేదు. కావ్యం సెట్టిగారిది కదా.

ఇక అసలు కథాస్థలానికి వద్దాం. అది కోరంగి.

గోదావరి పాయల్లో ఒకటి కాకినాడకు దిగువన సముద్రంలో కలిసే చోట, యానాంకు దగ్గరలో కోరంగి వుంది. పద్దెనిమిదో శతాబ్దపు చివరా పంతొమ్మిదో శతాబ్దపు మొదటా మద్రాసుకు ఉత్తరాన ఓడలు కట్టడంలో దానికి సాటి వచ్చిన వూరు లేదు. కారణం ప్రకృతిలోనే వుంది. మన తూర్పు తీరం సూటిగా గీత గీసినట్టుంటుంది. ఓడ దాక్కోవడానికి మడుగు లేదు, గుహ లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ ఈశాన్య రుతుపవనం విజృంభించే రోజుల్లో ఇంగ్లీషు నౌకాదళమే మద్రాసు తీరాన్ని వదిలి వెళ్ళిపోయేది. హుగ్లీ నదికీ సింహళంలోని తిరుకోణమలకూ మధ్య తేటనీట నిలిచే చోటు కోరంగి ఒక్కటేనని ఆనాటి నావికులు చెప్పుకునేవారు. నది తెచ్చిన ఇసుకమేట సముద్రానికి అడ్డుగోడ. వెనక మడ అడవులు. గోదావరి మీదుగా దిగివచ్చే టేకు దుంగలు. ఇన్ని కుదిరిన చోట వడ్రంగులు చేరకుండా వుంటారా? 1802లో ఎబెనెజర్ రోబక్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఇక్కడ ఓడల మరమ్మతుకు ఒక డాక్ కట్టించాడు. ఇంగ్లండు రాజుగారి యుద్ధనౌకలను సైతం అందులోకి తెచ్చి బాగు చేసేవారు.

ఈ తీరంలో తిరిగిన ధోనీని గురించి జాన్ ఈడ్ అనే ఇంగ్లీషు ఓడల నిర్మాణ నిపుణుడు 1834లో ఒక వ్యాసం ప్రచురించాడు. పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. అడుగు భాగం పీటలా చదును. ఒకే కొయ్య, ఒకే పెద్ద తెరచాప. ఇంత మోటు ఓడ తానెక్కడా చూడలేదన్నట్టు రాశాడాయన. లోతైన రేవుల్లో యుద్ధనౌకలు కట్టేవాడికి ఇది మోటుగానే కనిపిస్తుంది. కాని గోదావరి పాయలో మొలలోతు నీళ్ళ మీద తేలాలన్నా, పోటు తీసినప్పుడు బురద మీద పక్కకు ఒరగకుండా కూర్చోవాలన్నా అడుగు చదునుగా వుండక తప్పదు.

ఈ మాట ఫ్రీమాంట్‌వాసులకు చెప్పడం సులువు. ఎందుకంటే ఇలాంటి ఓడే మన వూరి పక్కన కూడా తిరిగింది. 1956లో అయిదు వూళ్ళు కలిసి ఫ్రీమాంట్ నగరం కాకముందు, రైలు బాగా వ్యాపించకముందు, ఇక్కడి పొలాల గడ్డీ గోధుమా బే అంచున వుండే చిన్న చిన్న రేవుల నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు పోయేవి. ఇవ్వాళ మనం రోజూ కారులో పోయే మౌరీ అవెన్యూ పేరుకూ అలాంటి రేవుకూ సంబంధముంది. ఆ సరుకు మోసినవి స్కౌ స్కూనర్లనే చదునడుగు తెరచాప ఓడలు. వాటిలో మిగిలిన 'ఆల్మా' అనే ఓడ 1891 నాటిది. 59 అడుగుల పొడవుంటుంది. శాన్ ఫ్రాన్సిస్కోలోని సముద్ర చరిత్ర పార్కులో దాన్ని చూడవచ్చు. ఇద్దరు మనుషులు నడిపేవారట, అందులోనే వండుకుని అందులోనే పడుకునేవారు. బురద నేల, పోటూపాటూ, ఉప్పు మళ్ళు: కోరంగికీ మన దక్షిణ బేకీ భూమి ఒక్కలాంటిదే గనుక, ఒకరినొకరు ఎరుగని ఇద్దరు వడ్రంగులు ఒకే రకం అడుగు చెక్కారు. పిల్లల్ని ఆల్మా దగ్గరికి తీసుకువెళ్ళేవారు కోరంగి ధోనీ మాట కూడా ఒకసారి చెప్పవచ్చు.

ధోనీలు తీరం వెంబడి తిరిగేవి. కోరంగిలో కట్టిన రెండు కొయ్యల పెద్ద ఓడలు మాత్రం బంగాళాఖాతాన్ని అడ్డంగా కోసి రంగూన్, మౌల్మీన్ రేవులకు పోయేవి. గాలి ఎప్పుడొస్తే అప్పుడే ప్రయాణం. గాలి పడిపోతే ఓడ తటాకంలో తామరాకులా కదలకుండా రోజుల తరబడి నిలిచిపోయేది. మంచినీళ్ళు పీపాల్లో కొలిచి పోసుకోవాలి. అన్నం ఇసుక పరిచిన పొయ్యి మీద వండాలి, పడవ వూగినప్పుడు నిప్పు చెదరకుండా. ఒకరు పడుకుంటే ఒకరు చుక్కాని పట్టాలి. చుక్కల లెక్క, నీటి రంగు, ఎగిరే పక్షుల వరస: ఇవే వాళ్ళ పంచాంగం. సరంగు, తండేలు, కళాసీ అనే మాటలు మన తీరంలో ఇప్పటికీ బతికే వున్నాయి. ఉత్తరాంధ్రలో వాడబలిజలనే ఒక కులం వారి పేరులోనే ఓడ వుంది. వాడ అంటే ఓడ.

ఈ బతుకు మీద సముద్రం రెండుసార్లు పగబట్టింది. 1789 డిసెంబరులో తుఫానుతో పాటు మూడు మహా కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి కోరంగిని ముంచాయి. ఇరవైవేల మంది పోయారంటారు. మళ్ళీ 1839 నవంబరు 25న నలభై అడుగుల ఉప్పెన వచ్చింది. మూడు లక్షల మంది మరణించారనీ ఇరవైవేల ఓడలు నాశనమయ్యాయనీ చాలా పుస్తకాల్లో వుంది. ఆ వూరి పరిమాణం తెలిసినవారికి ఈ అంకెలు నమ్మశక్యంగా వుండవు. నాకైతే అతిశయోక్తిగానే తోస్తుంది. అంకె ఏదైనా, ఆ తరువాత కోరంగి కోలుకోలేదన్నది మాత్రం నిజం. నది తెచ్చిన ఒండ్రు ఓడల దారిని మూసింది, వ్యాపారం కాకినాడకు తరలింది. ప్రపంచమంతా ఇప్పుడు వాడే సైక్లోన్ అనే మాటను హెన్రీ పిడింగ్టన్ అనే కలకత్తా ఉద్యోగి 1848లో పుట్టించాడు. ఆయన పరిశీలించిన తుఫానుల్లో కోరంగివీ వున్నాయి.

వూరు పోయింది కాని పేరు ఓడెక్కి వెళ్ళిపోయింది. బర్మాలో తెలుగువాడిని కొరంగీ అన్నారు. మారిషస్‌లోనూ కొరంగీయే. విజయనగరం నుంచి పోయినా, విశాఖ నుంచి పోయినా, గంజాం నుంచి పోయినా సరే, రేవు పేరే జాతి పేరైంది. అది గౌరవంగా పిలిచిన పిలుపు కాదు. రంగూన్‌లో ఆ మాటకు కూలివాడనే అర్థమే ఎక్కువ. ఓడల్లో బియ్యం ఎత్తింది, రిక్షాలు లాగింది వాళ్ళే. 1930 మే నెలలో రంగూన్ రేవు పనుల తగాదాలో తెలుగు కూలీలు ఎందరో వీధుల్లో చంపబడ్డారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు, సముద్రం మీద వెళ్ళిన వాళ్ళ బిడ్డలు అడవుల గుండా కాలినడకన ఇండియాకు తిరిగి వచ్చారు. దారిలో పోయినవారి లెక్క ఎవరి దగ్గరా లేదు.

మారిషస్ కథ వేరు. అక్కడ బానిసత్వం 1835లో రద్దయింది. దానికి కొద్దిగా ముందు నుంచే చెరకు తోటలకు భారతీయ కూలీలను ఒప్పందం మీద తెప్పించడం మొదలైంది. ఆ ఒప్పందాన్నే మనవాళ్ళు గిర్మిట్ అన్నారు. అన్యాయాలు బయటపడి 1839లో వలస ఆపారు, 1843లో మళ్ళీ తెరిచారు. తొలి దశాబ్దాల్లో తెలుగువారు వెళ్ళిన రేవుల్లో కోరంగి ముఖ్యమైనది. అప్పటికి ఆవిరి ఓడలింకా ఆ దారిలో అలవాటు కాలేదు. వాళ్ళు పోయింది తెరచాప ఓడల మీద, వారాల తరబడి. భూమధ్యరేఖ దగ్గర గాలి చచ్చిపోయే నీళ్ళను దాటి, దక్షిణాన ఆగ్నేయ వ్యాపార పవనాలను అందుకుని, ఆ చిన్న దీవిని చేరాలి. ఓడ అడుగున ఒకరి పక్కన ఒకరు, కులం తెలియని చోట కుండ పంచుకుని బతికిన ఆ వారాలే కొత్త చుట్టరికాలు కలిపాయి. జహాజీ భాయి అన్న మాట అలా పుట్టిందే. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు అన్నదమ్ములతో సమానం. వాళ్ళ పిల్లలకు పెళ్ళి చేయడానికి కూడా కొందరు ఒప్పుకునేవారు కాదు, అన్నాచెల్లెళ్ళు అవుతారని!

1834కూ ఇరవయ్యో శతాబ్దపు మొదటి సంవత్సరాలకూ మధ్య మారిషస్ చేరిన భారతీయులు సుమారు నాలుగున్నర లక్షలు. వాళ్ళు దిగిన పోర్ట్ లూయిస్ రేవులోని మెట్ల దగ్గర వలసదారుల భవనాన్ని 1849లో కట్టడం మొదలుపెట్టారు. ఆప్రవాసీ ఘాట్ అని దానికిప్పుడు పేరు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ మెట్లు పదహారు. తెలుగువారు ఆ మెట్లెక్కి పోయి తోటల మధ్య రామమందిరాలు కట్టుకున్నారు, ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ దీవిలోనే. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు తగ్గిపోయినా పేరు చివర అప్పడు, అయ్య, అమ్మ నిలిచి వున్న కుటుంబాలకు కొదవలేదు.

ఆవిరి ఓడలు వచ్చాక తెరచాప బతుకుతెరువుగా క్రమంగా అంతరించింది. అంతరించిన తరువాతనే అది సరదాగా మారింది. లోకంలో చాలా పనులకు ఇదే గతి. గుర్రపు స్వారీ చూడండి, చేనేత చూడండి.

ఆ సరదాకు ఆదిపురుషుల్లో ఒకరు మన బే వాడే కావడం విశేషం. ఆక్లాండ్‌లో పెరిగిన నవలాకారుడు జాక్ లండన్ 1907 ఏప్రిల్‌లో భార్య షార్మియన్‌తో 'స్నార్క్' అనే తెరచాప పడవలో ప్రపంచమంతా చుట్టి వస్తానని బయలుదేరాడు. ఏడువేల డాలర్లకు అయిపోతుందనుకున్న పడవ ముప్ఫైవేలు మింగింది. ఓడ నడిపే విద్య బయలుదేరాక నేర్చుకున్నాడు, పుస్తకాలు ముందేసుకుని. హవాయి చేరాడు. అక్కడి నుంచి మార్కెసాస్‌కు అరవై రోజుల ప్రయాణం. దారిలో మంచినీళ్ళు సగానికి పైగా కారిపోయాయి, వాన కురిసి బతికారు. తాహితీ, బోరాబోరా, సమోవా దాటి 1908లో ఫిజీలోని సువా చేరాడు. అక్కడే తన కెప్టెన్‌ను పంపించివేసి పడవను తానే నడుపుకున్నాడు. చివరకు సాలమన్ దీవుల్లో జ్వరాలు, చర్మవ్యాధి పట్టి, సిడ్నీ ఆసుపత్రిలో పడి, పడవను అగ్గువకు అమ్ముకుని ఇల్లు చేరాడు. ఆ కథ 1911లో పుస్తకంగా వచ్చింది. తెరచాప పడవలో దీవులు తిరగాలని కలలు కనేవారు ఇప్పటికీ దాన్ని చదువుతూనే వున్నారు.

లండన్ సువాలో లంగరు వేసిన నాటికి ఆ దీవిలో తెలుగువాళ్ళు వున్నారు. మద్రాసు నుంచి ఫిజీకి గిర్మిట్ వలస 1903లో మొదలైంది. వీళ్ళు ఆవిరి ఓడలో వచ్చినవాళ్ళు. రేవులో ఆగిన ఆ తెల్లని పడవను చెరకు సరుకు దింపే ఏ అప్పన్నో అప్పలస్వామో చూసి వుండవచ్చు. చూసి ఏమనుకుని వుంటాడు? పని లేకుండా, సరుకు లేకుండా, ఎవరూ కొట్టి పంపకుండా, తన ఇష్టం కొద్దీ సముద్రం మీద తిరిగే మనిషి వుంటాడని అతనికి నమ్మకం కుదిరి వుండదు. ఆ అప్పన్నల మనవలూ మునిమనవలూ ఇవ్వాళ హేవర్డ్ నుంచి శాక్రమెంటో దాకా మన ఇరుగుపొరుగునే కాపురాలున్నారు. వాళ్ళు ఫిజీవాళ్ళు, మనం ఇండియావాళ్ళం అని విడివిడిగా కూర్చోవడం మన పండుగల్లో అలవాటైపోయింది. ఇది బాగాలేదని చెప్పక తప్పదు.

ఇంతకూ, సరదా కోసం కాకపోయినా, ఇష్టపడి తెరచాప కింద కాపురమున్న తెలుగువాళ్ళు మన కాలంలో ఎవరైనా వున్నారా? వున్నారు. ఇద్దరు. ఇద్దరూ ఆడపిల్లలు.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి భారత నౌకాదళానికి చెందిన 'తారిణి' అనే తెరచాప పడవ భూప్రదక్షిణకు బయలుదేరింది. అందులో ఆరుగురు నౌకాదళ అధికారిణులు. నాయకురాలు వర్తికా జోషి. ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా, వీరితో పాటు విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. పడవ పొడవు 55 అడుగులు. గోవాలో కట్టినది. ఈడ్ కొలిచిన ధోనీ కన్నా 15 అడుగులు తక్కువ. గంజాం జిల్లాలోని తారాతారిణి అమ్మవారి పేరు దానికి పెట్టారు. ఆ అమ్మవారు పూర్వం ఓడవర్తకుల కొలువు దేవత. సంస్కృతంలో ఆ మాటకు దాటించేదని అర్థం.

254 రోజుల యాత్ర, అందులో సుమారు 200 రోజులు నీటి మీదే. 21,600 నాటికల్ మైళ్ళు. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండులో లిటిల్టన్, ఫాక్లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, ఆఫ్రికా కొసన కేప్‌టౌన్. ముందుగా అనుకున్న మజిలీలు ఈ నాలుగే. తేదీలు తీసి పంచాంగం పక్కన పెట్టి చూస్తే ఆ కాపురం ఎలాంటిదో కొంత బోధపడుతుంది. ఆ ఏటి దీపావళి నాటికి వాళ్ళింకా హిందూ మహాసముద్రం మధ్యలో వున్నారు, ఫ్రీమాంటిల్ చేరడానికి నాలుగు రోజులుంది. సంక్రాంతి దక్షిణ పసిఫిక్‌లో వచ్చింది. లిటిల్టన్ వదిలి నెల దాటింది. ఆ దారిలోనే గంటకు నూరు కిలోమీటర్లు మించిన గాలులనూ మేడలంతేసి కెరటాలనూ ఎదుర్కొన్నారు. సంక్రాంతి గడిచిన అయిదో రోజున, జనవరి 19న, దక్షిణమెరికా కొసనున్న హార్న్ అగ్రాన్ని చుట్టారు. నావికులకు అంతకన్నా భయంకరమైన మూల ఇంకొకటి లేదంటారు. విళంబి నామ సంవత్సర ఉగాది మార్చి 18న. కేప్‌టౌన్ విడిచి అప్పటికి నాలుగు రోజులు. వేపపువ్వు దొరికే చోటు కాదు. మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనశాల తయారుచేసి ఇచ్చిన, నీళ్ళు పోసి వెచ్చచేసుకునే ఎండుభోజనమే పండుగ భోజనం.

వీళ్ళు సాధించింది గొప్ప విషయమని పత్రికలన్నీ రాశాయి, బహుమతులూ వచ్చాయి. తెలుగు పత్రికలు ఇద్దరు తెలుగు అమ్మాయిల ఫొటోలు వేశాయి. కాని ఆ యాత్ర చివరి అంకంలో జరిగిన ఒక సంగతిని ఎవరూ పట్టించుకున్నట్టు కనిపించలేదు.

కేప్‌టౌన్ నుంచి నేరుగా గోవా రావలసిన తారిణికి దారిలో చుక్కాని యంత్రం చెడింది. చుక్కాని లేని పడవ దగ్గరున్న రేవు చూసుకోవాలి. 2018 ఏప్రిల్‌లో అది చేరిన రేవు పోర్ట్ లూయిస్. అనుకోని మజిలీ అది. స్వాతికి మారిషస్ కొత్త కాదు. 2016లో మహిళా నావికుల శిక్షణ కోసం 'మాదేయి' అనే పడవలో ఆ దీవికి ఒకసారి వెళ్ళివచ్చిన బృందమది. ఈసారి వచ్చింది మాత్రం గాలికీ కెరటానికీ లోబడి, పాతవాళ్ళు వచ్చినట్టే. పోర్ట్ లూయిస్ చిన్న రేవు. ఆ రేవు ఒడ్డునే ఆ పదహారు మెట్లున్నాయి. కోరంగి ఓడలు దింపిపోయినవాళ్ళ మునిమనవలు ఆ వూళ్ళో దుకాణాలు పెట్టుకుని, బడులు నడుపుకుని, మంత్రులై బతుకుతున్నారు. ఆవిరి ఓడలు వచ్చాక పోర్ట్ లూయిస్‌కు తెరచాప ఎత్తి తెలుగువాళ్ళు రావడం అరుదు. ఓడ నడిపే పనిలో తెలుగు ఆడవాళ్ళు రావడం ఈ బృందానికి ముందు వున్నట్టు నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. వెనుకటి ఓడల్లో వచ్చిన అమ్మలూ అప్పమ్మలూ అడుగు అరల్లో వున్నారు. వీళ్ళిద్దరూ చుక్కాని దగ్గర వున్నారు.

మరమ్మతుకు వారం పట్టింది. ఏప్రిల్ చివర తారిణి పోర్ట్ లూయిస్ విడిచి, భూమధ్యరేఖ దాటి, మే 21న గోవా చేరింది. సుమారు పాతిక రోజులు. గిర్మిట్ ముగిసి తిరుగు ఓడెక్కిన కొద్దిమంది ఆ కాలంలో ఈ సముద్రాన్నే ఎదురుదారిలో దాటి కోరంగి, కాకినాడ, మద్రాసు రేవుల్లో దిగారు. 2024లో అదే పడవ మరో ఇద్దరు అధికారిణులతో మళ్ళీ భూప్రదక్షిణకు వెళ్ళి 2025 మేలో తిరిగి వచ్చింది.

కోరంగి ఇప్పుడు మడ అడవుల సంరక్షణ కేంద్రం. 1978 నుంచి అది వన్యప్రాణుల అభయారణ్యం. కాకినాడ నుంచి బస్సులో వెళ్ళవచ్చు. చెక్క వంతెన మీద నడుస్తూ నీటి పిల్లులనూ కొంగలనూ చూడవచ్చు. పడవ షికారు కూడా వుంది, మోటారు పడవ. దేశం వెళ్ళినప్పుడు పిల్లల్ని తిరుపతికీ చార్మినార్‌కూ తీసుకువెళ్ళేవారు ఒక పూట ఇక్కడికీ వెళ్ళి రావచ్చు. ఆ వంతెన కొసన నిలబడి చూస్తే బురద, మడ చెట్లు, వాటి అవతల సముద్రం వైపు సాగే పాయ కనిపిస్తాయి. రంగూన్‌కూ పోర్ట్ లూయిస్‌కూ దారి అదే.